‘నీటి బాప్తిస్మం’లో ‘నీటి’ అదనమా?

సందేహం: మా అక్క కొడుకు బాప్తిస్మం కార్డు రాసే పని నా నెత్తిన పడింది. సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఫ్లెక్సీ మీద ‘నీటి బాప్తిస్మము’ అని చూశాను. బాప్తిస్మం అంటేనే నీళ్లలో ముంచడం కదా, ‘గేటు తలుపు’లాగా ఇది పునరుక్తి కాదా? ఇంకోటి, ‘తీసుకుంటున్నాడు’ అనాలా, ‘పొందుతున్నాడు’ అనాలా, ‘చేసుకుంటున్నాడు’ అనాలా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

సమాధానం: మూలం వరకే చూస్తే మీ అనుమానం న్యాయమైనదే, గ్రీకులో ఆ మాట పుట్టిన క్రియకు ముంచడమనే అర్థం. కానీ ‘నీటి’ అక్కడ ఊరికే వచ్చి కూర్చోలేదమ్మా. మత్తయి సువార్త మూడో అధ్యాయంలో, యేసుకు ముందు వచ్చి జనానికి బాప్తిస్మమిచ్చిన యోహాను తాను ‘నీళ్లలో’ బాప్తిస్మమిస్తున్నాననీ, తన వెనుక వచ్చేవాడు ‘పరిశుద్ధాత్మలోను అగ్నితోను’ ఇస్తాడనీ అంటాడు. యేసు తనకు రాబోయే శ్రమలను కూడా బాప్తిస్మమనే అన్నాడు, అదీ యొర్దాను నదిలో మునిగి లేచిన చాలా రోజులకు. ఇన్ని రకాలు ఉన్నప్పుడు ఏదో చెప్పాలి కదా. ముఖ్యంగా పెంతెకొస్తు సంఘాల్లో ‘ఆత్మ బాప్తిస్మం’ అనే మాట రోజూ వాడుకలో ఉంటుంది కాబట్టి అక్కడ ‘నీటి’ తీసేస్తే అయోమయమే. కేథలిక్కులకు ఈ గొడవ లేదు, వాళ్లది ‘జ్ఞానస్నానం’, స్నానంలోనే నీళ్లున్నాయి. ముంచాలా, తల మీద పోయాలా, చంటిపిల్లలకు ఇవ్వొచ్చా అన్న తగవులోకి నేను దిగను, అది వ్యాకరణంతో తేలేది కాదు.

అసలు చూడాల్సింది ‘లోనికి’ అనే విభక్తిని. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ‘నామములోనికి’ బాప్తిస్మమివ్వమని తెలుగు బైబిల్. ‘నామములో’ కాదు. పౌలు రాసిన రోమా పత్రిక ఆరో అధ్యాయంలోనూ అంతే, ‘క్రీస్తు యేసులోనికి’, ‘ఆయన మరణములోనికి’. ఆ వెంటనే ‘పాతిపెట్టబడితిమి’ అనే మాట వస్తుంది. మీవాడిది ముంచే సంఘమైతే ఆ రోజు గమనించండి: తెల్లబట్టలతో తొట్టిలోకి దిగినవాణ్ని పాస్టరుగారు వీపు కింద ఒక చెయ్యి వేసి వెనక్కి వాల్చి ముంచుతారు, శవాన్ని గుంటలో పడుకోబెట్టినట్టే, మళ్లీ లేపి నిలబెడతారు. పాత బతుకు పాతేశాం, క్రీస్తుతో కలిసి కొత్తగా లేచాం అని పదిమంది ముందూ చెప్పడం. మురికి కడుక్కోవడం అనే భావం కూడా ఉంది, అపొస్తలుల కార్యాల్లో కనిపిస్తుంది, కానీ పౌలు ఇక్కడ నొక్కి చెప్పింది చావునీ లేవడాన్నీ.

ఇక క్రియ. ‘చేసుకుంటున్నాడు’ మాత్రం వద్దు. స్నానం ఎవరికి వారు చేసుకుంటారు, బాప్తిస్మం ఒకరు ఇస్తే ఇంకొకరు పొందేది. అపొస్తలుల కార్యాల్లో ఐతియోపీయుడు దారి పక్కన నీళ్లు చూసి రథం ఆపించినా తానే దిగి మునిగి రాలేదు, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటని తనకు సువార్త చెప్పిన ఫిలిప్పును అడిగాడు. యోహాను వద్దని వారించినా యేసు కూడా అతని చేతే పొందాడు. ఇచ్చేవాడి బాధ్యత ఎంతుందో చూడాలంటే మన ఒంగోలు కథ చాలు. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు, కానీ కూటి కోసం మతంలో చేరుతున్నారన్న మాట పడకూడదని, అడిగినవాళ్లకు కూడా నెలల తరబడి బాప్తిస్మం ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో బోధకులు వంతులు వేసుకుని ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఏటి ఒడ్డున అంతమంది చేరినా ముంచింది మాత్రం ఒక్కొక్కరినే.

‘తీసుకోవడం’ వాడుకలో పాతుకుపోయింది, తప్పేమీ లేదు. కార్డులో అయితే నాకు ‘పొందుతున్నాడు’ బాగుంటుంది. మీవాళ్ల సంఘం ‘నీటి’ అంటే ఉంచండి, లేకపోతే ‘బాప్తిస్మం’ చాలు. ‘బాప్తిస్మం మహోత్సవం’ అని మాత్రం అచ్చువేయించకండి, సమాసంలో ‘బాప్తిస్మ మహోత్సవం’ అవుతుంది. ప్రూఫు ఒకసారి మీరే చూసుకోండి, డీటీపీ వాళ్లు ‘స్మ’ని ‘స్వ’ చేసేస్తుంటారు.