మంచం పట్టిన నాన్నగారికి నడుము కింద ఎరుపు: సమాధానం

పక్షవాతంతో మంచం పట్టిన నాన్నగారికి నడుము కింది ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందని, రోజూ నూనెతో మర్దన చేస్తున్నామని గుంటూరు నుంచి రాశారు. ముందుగా ఆ మర్దన ఆపండి. ఒత్తిడికి నలిగిన చర్మాన్ని రుద్దితే లోపల మరింత దెబ్బతింటుంది. ఎరుపు మీద వేలితో నొక్కి చూడండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పడక పుండుకు తొలి దశ కనుక, రాత్రిళ్లు సహా సుమారు 2 గంటలకొకసారి, వీపు వెనక దిండు ఆనించి 30 డిగ్రీల వరకు పక్కకు ఒరిగేలా పడుకోబెట్టాలి. పరుపు మీద ఈడ్చకుండా, నడుము కింద మడత దుప్పటి వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకొని ఎత్తండి. పిక్కల కింద దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. మన ఎండల్లో చెమటకు తడిసిన దుప్పటిని అలాగే ఉంచకండి. రాత్రి వంతు అమ్మగారి ఒక్కరి మీదే వేయవద్దని నా మనవి. చర్మం చిట్లినా, నల్లబడినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి.