అయిదో నెల, చాలా పూటలు అన్నం పచ్చడే: బిడ్డకు ప్రమాదమా?

మీ చెల్లెలికి అయిదో నెల, మీ మరిదికి పని సరిగా దొరకడం లేదు, చాలా పూటలు అన్నం పచ్చడితోనే గడుస్తోంది, బిడ్డకు ఏమైనా అవుతుందా అని అడిగారు. భయపడకండి, ఇంకా సమయముంది. బిడ్డ బరువు ఎక్కువగా పెరిగేది చివరి మూడు నెలల్లోనే.

మేమూ హైదరాబాద్ బోరబండలో సెంట్రింగ్ పని మీద బతికిన వాళ్లమే. నా రెండో కాన్పప్పుడు పనులు ఆగాయి. నన్నెవరూ పస్తు పెట్టలేదు. కానీ పిల్లవాడికి, మా ఆయనకు, అత్తయ్యకు వడ్డించాక పప్పు గిన్నెలో నీళ్లే మిగిలేవి. బస్తీ దవాఖానాలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే. గర్భిణికి 11కు తగ్గకూడదు. లేని ఇళ్లలో కోత మొదట పడేది గర్భిణి కంచంలోనే, అదీ ఎవరి కంటా పడకుండా.

అందుకే అంగన్‌వాడీ భోజనాన్ని అంత గట్టిగా చెబుతున్నాను. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. అక్కడే కూర్చుని తినాలన్న నియమం చాలా మంచిది. నేను గుడ్డు కొంగులో కట్టుకోబోతే ఆయా చూసి, ‘మీ వాడికి వాడి గుడ్డు పెడతాను, ఇది నా ముందే తినమ్మా’ అని పక్కనే కూర్చుంది. సొంతూరు వేరే జిల్లా అయినా ఉంటున్న బస్తీలోనే పేరు రాయించుకోవచ్చు. ఊరి రేషన్ కార్డుతో ఇక్కడి దుకాణంలోనూ బియ్యం తీసుకోవచ్చు.

ఐరన్ మాత్రలు వికారమని మానేయనివ్వకండి. రాత్రి భోంచేశాక వేసుకోమనండి. టీతో, కాల్షియం మాత్రతో కలిపి మాత్రం వద్దు.

మా పాప 2.3 కిలోలతో పుట్టింది. 2.5 కిలోలకు తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. అలాంటి బిడ్డలు త్వరగా చల్లబడతారు, ఇన్‌ఫెక్షన్లూ తేలిగ్గా సోకుతాయి. నర్సు పాపను నా గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి గుడ్డ చుట్టింది, గంటలోపే చనుబాలు పట్టించింది. ఇంటికి వచ్చాకా అలాగే చేశాను. ఇప్పుడు చక్కగా బడికి వెళుతోంది.

మీ చెల్లెలు మొహమాటపడుతుంది. ఆధార్ కార్డు, తల్లీబిడ్డల కార్డు పట్టుకుని మీరే వెంట వెళ్లండి. అక్కడ తినే భోజనం ఇంటి తిండికి అదనంగా ఉండాలి. ‘అంగన్‌వాడీలో తిన్నావుగా’ అని ఇంట్లో ఒక పూట తగ్గించకుండా ఆమె అత్తగారితో ముందే మాట్లాడండి.