బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో సొంతింట్లో ఉంటున్నాం. ఇంటినీ, స్నానాల నీటినీ వేడిచేసే పాత గ్యాస్ కాంబీ బాయిలర్ మార్చక తప్పదు. కొత్త బాయిలర్‌కి 3,000 పౌండ్లు, హీట్ పంప్‌కి 12,500 చెబుతున్నారు. ఏడాదికి 12,000 యూనిట్ల గ్యాస్ వాడతాం. యూనిట్ గ్యాస్ 6 పెన్నీలు, కరెంటు 26. ఏది మేలు?

జవాబు: 12,500 చూసి బెదిరిపోకండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తుంది. దరఖాస్తు ఇన్‌స్టాలరే పెడతారు, ఆ మొత్తం బిల్లులోనే తగ్గుతుంది. 2027 మార్చి 31 వరకు వ్యాట్ కూడా లేదు. కొటేషన్ గ్రాంటుకు ముందుదేనా అని అడగండి. ముందుదైతే మీరు కట్టేది 5,000. బాయిలర్‌కైనా 3,000 పెట్టాల్సిందే కదా, తేల్చుకోవాల్సింది మిగతా 2,000 గురించే.

అసలు లెక్క ఏటా వచ్చే బిల్లుది. 12,000 యూనిట్ల గ్యాస్ కాలిస్తే ఇంటికి అందే వేడి సుమారు 10,500 యూనిట్లు. దానికి 720 పౌండ్లు, వాడినా వాడకపోయినా కట్టాల్సిన స్టాండింగ్ చార్జ్ రోజుకు 30 పెన్నీలు అనుకుంటే మరో 110. మొత్తం 830. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి లాగుతుంది. యూనిట్ కరెంటుకు 3 యూనిట్ల వేడి ఇస్తే మీ ఖర్చు 910, అంటే నష్టమే. మూడున్నర ఇస్తే 780. నాలుగిస్తే 680 చాలు. అయితే స్టాండింగ్ చార్జ్ తప్పాలంటే వంటింట్లో గ్యాస్ స్టవ్ కూడా తీసేయాలి. పుల్కాలు మంట మీద కాల్చుకునే ఇల్లయితే ముందే మాట్లాడుకోండి.

మూడా, నాలుగా అన్నది రేడియేటర్లలోకి వెళ్లే నీటి వేడిని బట్టి ఉంటుంది. అది ఎంత తక్కువైతే అంత లాభం. దీన్ని పైసా ఖర్చు లేకుండా మీరే పరీక్షించుకోవచ్చు. బాగా చలిగా ఉన్న వారంలో బాయిలర్ హీటింగ్ నీటిని 50 డిగ్రీలకు తగ్గించండి, స్నానాల నీటి సెట్టింగ్ కదపొద్దు. ఇల్లు వెచ్చగానే ఉంటే మీ ఇంటికి హీట్ పంప్ సరిపోతుంది. ఏదైనా గది చల్లబడితే అక్కడ పెద్ద రేడియేటర్ కావాలి, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉందేమో చూడండి.

కాంబీకి ట్యాంకు ఉండదు. హీట్ పంప్‌కి వేడినీటి సిలిండర్ కావాలి, దానికి చోటు చూసుకోండి. హీట్ పంప్ గదుల్లో గాలిని మార్చదు కూడా. చలిగాలి రాకుండా సందులన్నీ మూసేసి, లోపలే తాలింపులు పెట్టి, బట్టలు ఆరేస్తే గోడలకు బూజు పడుతుంది. పిల్లలున్న ఇంట్లో అది మంచిది కాదు. వంటింటికి, బాత్‌రూమ్‌కి మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు డబ్బు పక్కన పెట్టండి.

50 డిగ్రీల పరీక్ష నెగ్గి, మూడున్నరకు తగ్గదని ఇన్‌స్టాలర్ కాగితం మీద రాసిస్తే హీట్ పంపే తీసుకోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో మిగలాలి. క్రెడిట్ కార్డు మీద మాత్రం వద్దు.