ఏడాది లెక్కలో ఏం చూడాలి, ఏం పక్కన పెట్టాలి

డిసెంబరు అయిపోయింది, ఆఫీసుల్లో 2025 రిపోర్టులు అడుగుతున్నారు. కంపెనీ సైట్లలో వ్యాసాలు రాసే పిల్లల దగ్గర్నుంచి ఈసారి బో ఉత్తరాలు వచ్చినయ్, అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాళ్ళకే ఇచ్చేశా.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కావలి. రొయ్యల మేత, గుంటల్లోకి వాడే మందులు, మినరల్స్ అమ్మే కంపెనీలో చేస్తున్నా. రైతుల కోసం మా సైట్లో తెలుగులో వ్యాసాలు రాసేది నేనే. చూసినోళ్ళ సంఖ్య పోయినేటి మీద దాదాపు రెట్టింపు అయింది. ఆ మాట ఓనర్ గారికి చెప్తే "సరే, దానివల్ల ఒక్క బస్తా మేత ఎక్కువ పోయిందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. రిపోర్ట్ ఎట్ట రాయాలి, ఏ నంబర్లు చూపించాలి?

జవాబు: తమ్ముడూ, మీ ఓనర్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు చెప్పే రిపోర్టే నువ్వు రాయాల. ముందు ఆ రెట్టింపు అనేదాన్ని విప్పి చూడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, అప్పుడు రొయ్యల రేటు ఏమవుతుందో అని రైతులందరూ ఫోన్లు పట్టుకుని వెతికారు. నువ్వు కూడా ఆ టైంలో దాని మీద ఏదో ఒకటి రాసే ఉంటావు, రాయకుండా ఎవరుంటారు. ఆ ఒక్క వ్యాసాన్ని తీసేసి మిగతా వాటి లెక్క చూడు. అప్పుడు కూడా పెరుగుదల కనిపిస్తే అది నీ పనితనం, కనపడకపోతే అది వార్త తెచ్చిన జనం, అంతే. రొట్టెల పండగ నాడు స్వర్ణాల చెరువు కాడ జనాన్ని చూసి ఏడాదంతా ఇంతే బేరం ఉంటుందని అంగడి పెట్టుకుంటే ఎట్ట ఉంటుందో ఈ మొత్తం నంబర్ని నమ్ముకోవడం కూడా అట్టనే ఉంటుంది. అట్టని ఆ వ్యాసం రాసింది తప్పని నేననను, రాయాల్సిందే, కాకపోతే రిపోర్టులో దాన్ని విడిగా ఒక లైన్లో చూపించు.

రెండోది, నెలకీ నెలకీ పోల్చొద్దు. మన దగ్గర ఫిబ్రవరి, మార్చిలో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని వేస్తారు, అప్పుడు గుంట తయారీ గురించి, సీడ్ టెస్టుల గురించి వెతుకుతారు, ఆ తర్వాత మేత, ఆ తర్వాత జబ్బులు, ఆ తర్వాత కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అనేది), రేటు. కాబట్టి జూన్‌లో కంటే జూలైలో తగ్గిందని కంగారు పడితే అర్థం లేదు, ఈ మార్చిని పోయినేడు మార్చితో పెట్టి చూడాల. ఇక్కడే ఒక చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలీదు, గూగుల్‌లో మీ సైట్ ఎట్ట కనపడుతోందో చూపించే గూగుల్ సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కే దాచిపెడుతుంది, అంతకు ముందుది పోతుంది. అంటే జనవరిలో కూర్చుని 2025నీ 2024నీ పోలుద్దామంటే 2024లో చివరి నాలుగు నెలలే దొరుకుతాయి. ఇంతకు ముందు దింపుకోకపోతే పోయింది పోయింది, ఈరోజే మొత్తం షీట్‌లోకి దింపి పెట్టుకో, ఇకనుంచి మూడు నెలలకోసారి దింపు. సైట్‌కి వచ్చినోళ్ళు ఏం చూశారో లెక్క కట్టే గూగుల్ అనలిటిక్స్‌లో కూడా సెట్టింగ్స్‌లోకి పోయి డేటా ఎన్నాళ్ళు ఉంచాలి అనే చోట చూడు, ముందుగా అది 2 నెలలు అని ఉంటుంది, 14 నెలలకి మార్చు. మామూలు రిపోర్టులకి దాంతో సంబంధం లేదు గానీ లోతుగా తవ్వి చూసే ఎక్స్‌ప్లొరేషన్స్‌కి అది కావాల. మార్చిన తర్వాత కూడా అప్పటికే తుడిచేసింది తిరిగి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. సెర్చ్ కన్సోల్‌లో రైతులు గూగుల్‌లో ఏం కొట్టి మీ దగ్గరికి వచ్చారో ఆ మాటల లిస్టు ఉంటుంది. దాన్ని ముందేసుకుని ఒక పూట మొత్తం కూర్చో, ఏడాది మొత్తం మీద ఇంతకంటే విలువైన పని లేదు. మనోళ్ళు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో కొడతారు, మైకు నొక్కి నోటితో కూడా అడుగుతారు, అవన్నీ విడివిడి లైన్లుగా ఉంటాయి, వాటిని అర్థాన్ని బట్టి ఒక చోటికి చేర్చు. చాలా తక్కువ మంది అడిగిన మాటల్ని గూగుల్ చూపించదు, కాబట్టి లైన్లన్నీ కూడినా పైన మొత్తంతో సరిపోదు, దానికి బెదరొద్దు.

ఉదాహరణకి 'రొయ్యలు పైకి తేలుతున్నాయి' లాంటి మాట తీసుకో. అది ఎవరు ఎప్పుడు అడుగుతారు? తెల్లవారుజాము మూడింటికో నాలుగింటికో గుంట గట్టు మీద నిలబడ్డ మనిషి అడుగుతాడు. రాత్రంతా నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు పైగా వాడుకుంటుంది, రొయ్యలూ వాడుకుంటాయి, తెల్లారే ముందు డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది, రొయ్యలు నీళ్ళ పైకొచ్చి అంచులకి చేరతాయి. అనలిటిక్స్‌లో గంటల వారీగా చూస్తే ఆ వ్యాసం ఏ టైంలో తెరిచారో నీకే కనిపిస్తుంది. ఇప్పుడు ఆ వ్యాసం నువ్వే ఫోన్లో తెరిచి చూడు. మొదటి తెర మీద ఏముంది? కంపెనీ ఎప్పుడు పెట్టారు, ఎన్ని మండలాల్లో డీలర్లున్నారు, ఆక్సిజన్ అంటే ఏమిటి అని ఉంటే ఆ మనిషికి నువ్వు అన్యాయం చేస్తున్నట్టే. ఏరేటర్లన్నీ (నీళ్ళలోకి గాలి కలిపే మెషిన్లు) వెంటనే తిప్పండి, మేత ఆపండి అనేది మొదటి లైనే ఉండాల, తర్వాత డీవో మీటర్ పెట్టి చూడమను, కారణాలు కింద చెప్పు, మందు పేరు ఇంకా కింద. నా ఉద్దేశం ఇదే, ఏడాది రిపోర్ట్ అంటే ఎంతమంది వచ్చారు అనేది కాదు, వచ్చిన మనిషి పని అయిందా లేదా అనేది.

అందుకనే చదివిన టైము చూసి కూడా తొందరపడి తీర్పు చెప్పొద్దు. అనలిటిక్స్ వాడు 10 సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా ఎంగేజ్ అయినట్టు, అంటే మనసు పెట్టి చూసినట్టు లెక్క రాస్తాడు. ఆక్సిజన్ వ్యాసంలో మొదటి లైన్ చదివి ఏరేటర్ స్విచ్ కాడికి పరిగెత్తినోడు అరనిమిషం కూడా ఉండడు, కానీ అది గెలిచిన వ్యాసం. అదే సీడ్ ఎంచుకోవడం గురించి రాసిన పెద్ద వ్యాసంలో అరనిమిషమే ఉన్నారంటే ఏదో తేడా ఉంది.

ఇక బస్తాల సంగతి. మన జిల్లాలో లింకులు నడిచేది వాట్సాప్ గ్రూపుల్లో, ఒక రైతు పంపితే పది గ్రూపులు తిరుగుతుంది, అట్ట వచ్చినోళ్ళు చాలామంది అనలిటిక్స్‌లో 'డైరెక్ట్' అనే ఖాతాలో పడతారు, యాడ నుంచి వచ్చారో తెలీదు. నువ్వు పంపే లింకులకి యూటీఎం ట్యాగ్, అంటే యాడ నుంచి వచ్చారో చెప్పే గుర్తు, చివర తగిలించి పంపు, కనీసం అవి తెలుస్తాయి. వ్యాసం చివర ఫోన్ నంబర్, వాట్సాప్ బటన్ పెట్టి వాటిని ఎంతమంది నొక్కారో లెక్క పెట్టించు. వీటన్నిటికంటే గట్టిది ఇంకోటి చెప్తా, ఫోన్ ఎత్తే అమ్మాయి దగ్గర, డీలర్ల దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టించు, కొత్త రైతు వస్తే "మా గురించి యాడ చూశారు?" అని ఒక్క మాట అడిగి రాయమను. వచ్చే జనవరికి ఓనర్ గారి ప్రశ్నకి ఆ నోట్‌బుక్కే జవాబు. ఈ ఏడాదికి మాత్రం లేని లెక్క పుట్టించొద్దు, బస్తాల లెక్క ఇంకా కట్టలేదు, ఫలానా తారీకు నుంచి కడుతున్నాం అని రాసెయ్, నిజాయితీగా రాసిన రిపోర్టుకే విలువ.

ప్రశ్న: మేడమ్, మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ చేసే ఆఫీసులో సైట్ పని చూస్తాను, అన్నీ ఇంగ్లీషు వ్యాసాలు, చదివేది బయటి దేశాల వాళ్ళు. ఈ ఏడు క్లిక్కులు మెల్లగా తగ్గుతా వచ్చినయ్, ఇంప్రెషన్లు (గూగుల్ రిజల్ట్స్‌లో మా పేజీ కనపడిన సార్లు) అయితే సెప్టెంబరులో ఒక్కసారిగా పడిపోయినయ్, కానీ యావరేజ్ పొజిషన్, అంటే రిజల్ట్స్‌లో సగటున ఎన్నో స్థానంలో ఉన్నామనేది, బాగైనట్టు చూపిస్తోంది. నా పని బాలేదని అంటారేమో అని భయంగా ఉంది.

జవాబు: భయపడొద్దు చెల్లెమ్మా, ఇవి రెండు వేర్వేరు సంగతులు, వాటిని కలిపి చూస్తే ఎవరికైనా తికమకే. సెప్టెంబరులో పడిపోయింది కొలత మారినందువల్ల. ఒకే పేజీలో 100 రిజల్ట్స్ తెప్పించుకునే వెసులుబాటు గూగుల్‌లో ఉండేది, ర్యాంకులు చూసే సాఫ్ట్‌వేర్లు దాన్ని తెగ వాడేవి, అవి తెరిచినప్పుడల్లా ఎక్కడో ఎనభయ్యో స్థానంలో ఉన్న నీ పేజీకి కూడా ఇంప్రెషన్ పడేది. 2025 సెప్టెంబరులో గూగుల్ దాన్ని తీసేసింది. అడుగున ఉన్న ఆ ఇంప్రెషన్లు పోయినయ్, అందుకే పొజిషన్ బాగైనట్టు కనపడుతోంది. నీ పేజీ పైకీ పోలా కిందికీ పోలా. రిపోర్టులో గ్రాఫ్ కింద ఈ మాట రెండు లైన్లు రాసిపెట్టు, లేకపోతే వచ్చే ఏడు చూసేవాళ్ళు మళ్ళీ ఇదే అడుగుతారు.

క్లిక్కులు మెల్లగా తగ్గడం మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. గూగుల్ ఇప్పుడు పైనే ఏఐతో జవాబు రాసి చూపిస్తోంది, అమెరికాలో 2024 మేలో మొదలైంది, ఆగస్టుకి మన దేశంలోకీ వచ్చింది. మీ చీమకుర్తి నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీలో ఆ బంగారు చుక్కలు ఏమిటి అని అడిగినోడికి, అది బంగారం కాదు బ్రాంజైట్ అనే ఖనిజం అని పైనే చెప్పేస్తే మీ సైట్ దాకా ఎందుకొస్తాడు? రాడు. అయితే అతను వచ్చినా స్లాబ్ కొనేవాడు కాదు కదమ్మా. కొనేవాడు అడిగేవి వేరే ఉంటాయి, 2 సెంటీమీటర్ల స్లాబు, 3 సెంటీమీటర్ల స్లాబు రెండూ ఒకే కంటైనర్లో కలిపి పంపుతారా, చుక్కలు అన్ని స్లాబుల్లో ఒకేలా పడతాయా, పాలిష్ ఎట్ట చెక్ చేస్తారు, లోడింగ్ ముందు ఫోటోలు పంపుతారా. ఇవి మీ ఫ్యాక్టరీలో మనిషికి తెలుసు, వాటిని ఏ మెషినూ సొంతంగా రాయలేదు. కాబట్టి వ్యాసాల్ని రెండు గుంపులు చెయ్యి, ఊరికే తెలుసుకునేవాళ్ళవి ఒకటి, కొనేవాళ్ళవి ఒకటి, ఏ గుంపులో క్లిక్కులు తగ్గినయ్యో చూడు, వచ్చిన ఎంక్వైరీలు ఏ పేజీ నుంచి వచ్చినయ్యో దాని పక్కన రాయి. కొనేవాళ్ళ గుంపు నిలబడి ఉంటే ధైర్యంగా మీటింగ్‌కి పో.

ప్రశ్న: నెల్లూరులో మాది స్వీట్ల షాపు, మలై కాజా స్పెషల్. పిల్లలు చెప్పారని సైట్ పెట్టి నెలకో వ్యాసం రాయించాం, ఎవరూ చూడట్లా. ఆపేయమంటారా?

జవాబు: ఆపేయండి. మలై కాజా కావాల్సిన మనిషి వ్యాసం వెతకడు, షాపు వెతుకుతాడు. ఆ డబ్బులు గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు వివరాల మీద పెట్టండి, టైమింగ్స్, మంచి ఫోటోలు, వచ్చిన రివ్యూలకి మర్యాదగా జవాబులు. దారి అడిగినోళ్ళు ఎంతమంది, ఫోన్ నొక్కినోళ్ళు ఎంతమంది అనేది అందులోనే కనిపిస్తుంది, మీ ఏడాది లెక్క అదే. సైట్లో ఒక్క పేజీ చాలు, వేరే ఊరికి పార్సిల్ పంపుతారా, ఎన్నాళ్ళు నిలవుంటుంది అని.

ప్రశ్న: మాది కందుకూరు. ట్రాక్టర్లు, డ్రిప్ సామాను అమ్ముతాం. మూడేళ్ళుగా మా అబ్బాయి రాసిన వ్యాసాలు బాగానే చదువుతున్నారు. 2026కి రెట్టింపు వ్యాసాలు టార్గెట్ పెడదాం అనుకుంటున్నా, మీరేమంటారు?

జవాబు: అన్నా, రెట్టింపు అనేది మాత్రం పెట్టొద్దు, అబ్బాయి మీద భారం పెరుగుతుంది, రాత పలచబడుతుంది. మూడేళ్ళ సరుకు మీ దగ్గర ఉంది, ముందు దాన్ని తిరగేయమనండి. ఎక్కువమంది చదివే వ్యాసాలు సాధారణంగా పాతవే ఉంటాయి, ఒకసారి గూగుల్‌లో నిలబడితే అవే జనాన్ని తెస్తా ఉంటాయి, అందుకని ఎవరూ వాటిని తెరిచి చూడరు. మీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది కదా, ట్రాక్టర్ల మీద, డ్రిప్ సామాను మీద 12 శాతం ఉండేది 5 అయింది, ట్రాక్టర్ టైర్లు, చాలా పార్టుల మీద 18 నుంచి 5కి దిగింది. మీ పాత వ్యాసంలో ఇంకా 12 అనే ఉంటే అది చదివిన రైతు మీ కొటేషన్ చూసి ఏమనుకుంటాడు, లేకపోతే రేటు ఎక్కువుందని అసలు ఫోనే చెయ్యడు. ఎంత ఎక్కువమంది చదివితే అంత నష్టం.

కాబట్టి టార్గెట్ ఇట్ట పెట్టండి, ఎక్కువ చదివే పాత వ్యాసాలన్నీ మార్చి నెల లోపల సరిచెయ్యడం, పైన సరిచేసిన తారీకు వెయ్యడం, ఆ తర్వాత షాపుకొచ్చిన రైతులు కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నల్లోంచి నెలకి రెండు కొత్తవి. ఇంకో మాట, మూడేళ్ళ గ్రాఫ్ ఒకటే గీతగా గీయమని అబ్బాయికి చెప్పొద్దు, పాత అనలిటిక్స్ 2023 జూలై 1తో లెక్క ఆపేసింది, కొత్తది లెక్క కట్టే పద్ధతే వేరు, అక్కడ గీత తెంచి రెండు ముక్కలుగా చూపించమనండి. డ్రిప్ సబ్సిడీ వ్యాసం ఉంటే అది మాత్రం ఏడాదికోసారి కాదు, ప్రభుత్వ ఆర్డర్ మారినప్పుడల్లా అదే వారంలో మార్చాల, రైతు అది చూసే అప్లై చేస్తాడు.