ఇంట్లో బైబిలు నేర్పడం ఎలా?

ప్రశ్న: పాస్టరుగారు మా ఊరికి నెలకోసారే వస్తారు. వీధిలో ఐదుగురు ఆడవాళ్లు వాక్యం నేర్పమంటున్నారు. ఇద్దరికి చదువు రాదు. నేనూ పదో తరగతే. నేర్పగలనా?
– ఒక సోదరి, బాపట్ల జిల్లా

జవాబు: తప్పకుండా నేర్పగలరమ్మా. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, ఎక్కువగా సంఘటనలే. వారానికి ఒక్క సంఘటన, 45 నిమిషాలు చాలు.

ఉదాహరణకు 4వ అధ్యాయం 35–41 వచనాలు, యేసు తుపాను అణచిన ఘట్టం. నిదానంగా రెండుసార్లు చదవండి. తర్వాత బైబిలు మూసి, మీ మాటల్లో కథ చెప్పండి. ఆపైన చదువురాని వాళ్లలో ఒకరిని మళ్లీ చెప్పమనండి. వదిలేసిన ముక్క మిగతావాళ్లు అందిస్తారు. పాఠం మనసులో నిలిచేది ఇక్కడే, దీన్ని మాత్రం దాటేయొద్దు. అప్పుడు అడగండి: శిష్యులు దేనికి భయపడ్డారు? తుపాను ఆగాక కూడా ఎందుకు భయపడ్డారు? శిష్యులు యేసును అడిగినట్టు ‘నీకు చింతలేదా’ అని మనం ఎప్పుడు అడిగాం? అడిగాక కాసేపు ఆగండి. తొందరపడి జవాబు మీరే చెప్పేస్తే వచ్చే వారం ఎవరూ నోరు విప్పరు.

చాలాచోట్ల పాఠం చెడేది వచనం వెంట వచనం తిప్పడం వల్ల. కొత్తవాళ్లు పేజీలు వెతుక్కుంటూ కథ మరిచిపోతారు. తెలియని ప్రశ్న వస్తే రాసుకుని పాస్టరుగారిని అడగండి.

వేరే మతంవాళ్లు వస్తే వాళ్ల దేవుళ్లను, పూజలను కించపరచొద్దు. స్వస్థత ఖాయమని, సాయం అందుతుందని ఆశ పెట్టొద్దు. సాత్వికంతో జవాబు చెప్పమనే కదా పేతురు మొదటి పత్రిక 3:15 చెప్తోంది.