ఇన్సులిన్‌కి తోడు కొత్త మందు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, బరువు 80 కిలోలు. రాత్రిపూట గ్లార్జిన్ ఇన్సులిన్ 46 యూనిట్లు వేసుకుంటారు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, సిటాగ్లిప్టిన్ మాత్రలు కూడా ఉన్నాయి. పరగడుపున షుగర్ 115 వస్తోంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) మాత్రం 8.9. డాక్టరుగారు వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ రాశారు. దాని బదులు ఇన్సులినే ఇంకాస్త పెంచితే సరిపోదా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిపోదు. పరగడుపున 115 ఉందంటే రాత్రి ఇన్సులిన్ తన పని తాను చేస్తున్నట్టే. అయినా సగటు 8.9 దగ్గర ఉందంటే పెరుగుదల అంతా తిన్న తర్వాతే జరుగుతోంది. గ్లార్జిన్ భోజనం కోసం వేసే ఇన్సులిన్ కాదు. దాన్ని పెంచితే తెల్లవారుజామున చెమటలు పట్టి లేస్తారు తప్ప, ఇడ్లీ తిన్నాక ఎక్కే షుగర్ దిగదు. ఈ రకం ఇన్సులిన్ కిలో బరువుకి అర యూనిట్ దాటాక పెంచుకుంటూ పోతే ఒరిగేది తక్కువ. నాన్నగారి లెక్కలో అది 40 యూనిట్లు, ఆయన ఇప్పటికే దాటేశారు.

సెమాగ్లుటైడ్ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, షుగర్ ఎక్కినప్పుడే క్లోమం నుంచి ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది. ఆయనకి కావలసింది అదే. వారానికి 0.25 మి.గ్రా.తో మొదలుపెట్టి నాలుగు వారాలు వాడతారు. ఈ మోతాదు కడుపుకి అలవాటు చేయడానికే, షుగర్ తగ్గించడానికి కాదు. ‘నెలైంది, గుణం కనిపించలేదు’ అని సొంతంగా ఇన్సులిన్ పెంచేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: ఐదో వారంలో మోతాదు 0.5 అయ్యేసరికి లో-షుగర్ వస్తుంది. ఇంకా అవసరమైతే మరో నాలుగు వారాలకి 1 మి.గ్రా.

ఇక సిటాగ్లిప్టిన్ ఆపేస్తారు. అదీ సెమాగ్లుటైడూ ఒకే దారిలో పనిచేసే మందులు, కలిపి వాడితే డబ్బు దండగ. గ్లిమిపిరైడ్‌ని సగం చేయడమో, పూర్తిగా తీసేయడమో మామూలు, ఎందుకంటే ఇన్సులిన్‌తో కలిసి షుగర్‌ని పడేసేది అదే. 8.9 ఉన్నవారికి ఇన్సులిన్ మొదటి రోజే తగ్గించాల్సిన పని సాధారణంగా ఉండదు. హెచ్‌బీఏ1సీ 8 లోపు ఉన్నా, మధ్యలో లో-షుగర్లు వస్తున్నా 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు. అంటే 46కి బదులు 37-41 యూనిట్లు. గ్లూకోమీటర్‌లో 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూడండి.

మొదలుపెట్టే ముందు రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయించారా? చాలామంది వదిలేసేది ఇదే. కంట్లో ముందే షుగర్ జబ్బు ఉంటే, షుగర్ ఒక్కసారిగా దిగినప్పుడు అది ముదరొచ్చు. వాంతులతో పాటు వీపులోకి పాకే కడుపునొప్పి వస్తే తర్వాతి ఇంజెక్షన్ వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: అమ్మకి పూటకోసారి 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30, నెమ్మదిగా పనిచేసేది 70 పాళ్లు కలిపినది), రోజుకి రెండు పూటలు వేస్తున్నాం. డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. మాత్ర కలిపాక షుగర్ 140 దాటడం లేదు. ఇన్సులిన్ మానేయొచ్చా? వచ్చే నెల మోకాలి ఆపరేషన్ ఉంది.
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మానేయకండి. ఈ మాత్ర షుగర్‌ని మూత్రంలోకి తోసేస్తుంది, అందుకే మీటర్‌లో అంకె తగ్గింది. ఒంట్లో ఇన్సులిన్ పెరిగిందని కాదు. కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలుగా మారకుండా ఆపడం కూడా ఇన్సులిన్ పనే. దాన్ని బాగా తగ్గించి, పైగా తిండి కూడా మానేస్తే, మీటర్‌లో 160 చూపిస్తూనే రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. వికారం, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం దాని గుర్తులు. ‘షుగర్ బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుంది’ అని ఇంట్లో కూర్చోవద్దు. ఆసుపత్రిలో ఈ మాత్ర పేరు చెప్పి, రక్తంలో కీటోన్లు చూడమని అడగండి.

ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఈ మాత్ర ఆపాలి, ఇన్సులిన్ మాత్రం కొనసాగాలి. ఆ రోజు ఎంత వేయాలో మత్తు డాక్టరు చెబుతారు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడూ, శివరాత్రికి కటిక ఉపవాసం ఉన్నప్పుడూ ఇదే పద్ధతి: మాత్ర ఆపుతారు, ఇన్సులిన్ తగ్గిస్తారు, సున్నా చేయరు. ఎంత తగ్గించాలో ముందే డాక్టరుని అడిగి రాసి పెట్టుకోండి. 30/70లో త్వరగా పనిచేసే భాగం ఉంటుంది, తినకుండా మామూలు మోతాదు వేస్తే ప్రమాదం.

మర్మావయవాల దగ్గర దురద వస్తే సిగ్గుపడి దాచొద్దని అమ్మకి చెప్పండి, పూతమందుతో తగ్గుతుంది. ఈ మాత్ర వాడినన్నాళ్లూ మూత్ర పరీక్షలో షుగర్ ‘నాలుగు ప్లస్సులు’ రావడం మామూలే. రిపోర్టు చూసి కంగారు పడకండి.

ప్రశ్న: వారం ఇంజెక్షనూ (సెమాగ్లుటైడ్) ఇన్సులినూ ఒకే సిరంజిలో కలపొచ్చా?
ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కలపకూడదు. ఒకే రోజు, పొట్ట మీదే వేసుకోవచ్చు, కానీ పక్కపక్కన కాదు. సిరంజి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇన్సులిన్ పెన్ను పాడైందని దాని కార్ట్రిడ్జ్ (లోపలి మందు గొట్టం)లోంచి ఎర్ర మూత సిరంజితో ఇన్సులిన్ లాగొద్దు. ఆ సిరంజి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాల కోసం. కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకి 100 ఉంటాయి. 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు.