ఆఫర్ లెటర్ రాకుండానే రాజీనామా ఇమ్మంటే ఇవ్వాలా?

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ: నాలుగు రౌండ్లు అయిపోయాయి, ఇప్పుడు వారం రోజులు పట్టే అసైన్‌మెంట్ చేతిలో పెట్టారు, పాత పే స్లిప్పులు పంపమన్నారు, పైగా "ముందు అక్కడ రాజీనామా ఇచ్చేయండి, ఆఫర్ లెటర్ వెనకాలే వస్తుంది" అంటున్నారు. ఇవన్నీ మామూలేనా, కాదంటే దగ్గరికొచ్చిన ఉద్యోగం పోతుందా అని అడిగారు.

రాజీనామా సంగతి ముందు తేల్చేద్దాం. ఇవ్వొద్దు. జీతం, హోదా, చేరాల్సిన తేదీ స్పష్టంగా రాసి సంతకం పెట్టిన ఆఫర్ లెటర్ మీ మెయిల్‌లోకి వచ్చేదాకా ఇప్పుడున్న చోట ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఫోన్లో ఎంత తీయగా మాట్లాడినా సరే. నా స్నేహితుడు ఇలాగే నోటిమాట నమ్మి రాజీనామా ఇచ్చాడు, నోటీస్ పీరియడ్ సగంలో ఉండగా అవతలివాళ్లు "ప్రస్తుతానికి నియామకాలు ఆపేశాం" అన్నారు, అడగడానికి వాడి దగ్గర కాగితం ముక్క లేదు. వాళ్లు మోసం చేశారని కూడా అనను, బడ్జెట్ నిజంగానే ఆగిపోయి ఉండొచ్చు, కానీ ఆ నష్టమంతా ఒక్కడి నెత్తినే పడింది. మీరు చెప్పాల్సింది ఒకే మాట: "ఆఫర్ లెటర్ అందిన రోజే రాజీనామా ఇస్తాను, దాని కాపీ మీకూ పంపుతాను." మిమ్మల్ని తీసుకోవాలని గట్టిగా అనుకున్నవాళ్లు ఇందులో తప్పుపట్టేదేమీ లేదు.

మిగతావాటి దగ్గరికి వచ్చేముందు ఒక విషయం. నేను ఉద్యోగాల కోసం తిరిగినవాణ్నే, తర్వాత కొన్నేళ్లు ఇంటర్వ్యూలు చేసే కుర్చీలోనూ కూర్చున్నాను. అటువైపు చూశాక తెలిసిందేంటంటే, ఈ కోరికల్లో చాలావాటి వెనక పెద్ద ఆలోచనేమీ ఉండదు. సీటు ఖాళీ అవగానే పాత ప్రకటన బయటికి తీస్తారు, మేనేజర్ ఇంకో రెండు కలుపుతాడు, టీమ్‌లో ఎవరో "ఇది కూడా వచ్చినవాళ్లయితే బాగుంటుంది" అంటారు, హెచ్ఆర్ వాటన్నిటికీ "తప్పనిసరి" అని తగిలిస్తారు. కలిపేవాళ్లే గానీ తీసేసేవాళ్లు ఉండరు. ఫాస్ట్ఏపీఐ అనే ప్రోగ్రామింగ్ సాధనాన్ని తయారుచేసిన సెబాస్టియన్ రమిరెజ్ 2020లో ట్విట్టర్‌లో రాసింది చాలామంది చూసే ఉంటారు: ఒక ఉద్యోగానికి ఫాస్ట్ఏపీఐలో నాలుగేళ్లకు పైగా అనుభవం కావాలట, ఆయన దాన్ని తయారుచేసే ఏడాదిన్నర అయింది కాబట్టి ఆయనకే అర్హత లేదు! మా టీమ్‌లోకి తీసుకున్నవాళ్లలో ప్రకటనలో రాసినవన్నీ ఉన్నవాళ్లు నాకైతే గుర్తులేరు. అందుకే ఏదైనా అడిగితే వెంటనే సరే అనకండి, కస్సుమని లేవకండి కూడా. "ఇది దేనికి వాడతారండీ?" అని అడిగి, మీకు కుదిరేంతలో ఒక చిన్న ప్రత్యామ్నాయం చెప్పండి. దానికి వాళ్లు ఎలా స్పందించారన్నదాంట్లోనే మీకు కావలసిన సమాచారం సగం దొరుకుతుంది.

అసైన్‌మెంట్ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, కొంచెం ఓపిక పట్టండి. ఒక సంస్థ నాకు ఎక్సెల్ ఫైల్ ఒకటి పంపింది, కస్టమర్ల ఫిర్యాదులు, వేల వరసలు. పేర్లు తీసేశారు గానీ తేదీలు అలాగే ఉన్నాయి, ఆఖరివి అంతకుముందు వారానివే. కుడివైపు చివరి కాలమ్‌లో ఎవరో "మళ్లీ ఫోన్ చేయాలి", "రీఫండ్ పెండింగ్" అని రాసుకున్నవి కూడా చెరపలేదు. వీటన్నిటినీ విభజించి, కారణాలు తేల్చి, "మేనేజ్‌మెంట్‌కి చూపించగలిగేలా" ప్రెజెంటేషన్ చెయ్యాలట. ఆ ముక్క చదవగానే విషయం అర్థమైపోయింది. అభ్యర్థిని పరీక్షించడానికి పెట్టిన కసరత్తయితే మేనేజ్‌మెంట్‌కి చూపించే పనేముంది? నేను మర్యాదగానే రాశాను: రెండు గంటల్లో అయ్యేంత చేస్తాను, కొన్ని వరసలు తీసుకుని నా పద్ధతి ఒక పేజీలో రాసి పంపుతాను, దాని మీద ఎన్ని ప్రశ్నలైనా అడగండి, మొత్తం ఫైల్ చేసిపెట్టాలంటే దాన్ని డబ్బులిచ్చి చేయించుకునే పనిగా విడిగా మాట్లాడుకుందాం అని. జవాబు రాలేదు. ఆ తర్వాత వేరే చోట అంతే పెద్ద అసైన్‌మెంట్ ఇస్తే దాదాపు ఇదే మెయిల్ పెట్టాను. అక్కడ మేనేజరే ఫోన్ చేసి "ఆ ఒక్క పేజీ చాలు, దాని మీదే మాట్లాడుకుందాం" అన్నాడు. అక్కడ చేరాను, బాగానే గడిచింది.

పని చేయించి చూడటం తప్పని నా ఉద్దేశం కాదు. కబుర్లు చెప్పించుకోవడం కంటే చిన్న పని ఇచ్చి చూడటమే నయం. కానీ దానికి గంటల పరిమితి ఉండాలి, అందరికీ ఒకటే ఇవ్వాలి, చేసినదాని మీద వాళ్లు కూర్చుని మీతో మాట్లాడాలి. ఇంకో సంగతి, చేతిలో ఉద్యోగం లేక ఇంటి ఖర్చుల టెన్షన్‌లో ఉన్నవాళ్లకి "నేను చెయ్యను" అనడం అంత తేలిక కాదని నాకు తెలుసు. అలాంటప్పుడు చెయ్యండి, కానీ ఎన్ని గంటలు పెట్టాలో ముందే మీరే గీత గీసుకుని, అక్కడికి ఆపేసి, "ఇంకా సమయం ఉంటే ఇవి చేసేవాణ్ని" అని కింద నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఒక్కోసారి చేసిన పనికంటే ఆ నాలుగు వాక్యాలే ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ఎక్కువ చెబుతాయి. మీకు ఇప్పుడు ఉద్యోగం ఉంది కాబట్టి బేరమాడే వీలుంది, వాడుకోండి.

పే స్లిప్పులు. పాత జీతం ఎందుకు అడుగుతారో చెప్పక్కర్లేదు, దాని మీద ఎంతో కొంత శాతం కలిపి ఇచ్చేస్తే వాళ్ల పని సులువు. కొత్త పని విలువకీ పాత చోట మీకిచ్చినదానికీ సంబంధమేంటి? ఒకసారి తక్కువ జీతానికి చేరితే ఆ తక్కువతనం ప్రతి ఉద్యోగానికీ వెంటపడుతుందనే న్యూయార్క్ నగరం 2017 నుంచి, కాలిఫోర్నియా 2018 నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లని పాత జీతం అడగడాన్నే నిషేధించాయి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన జీతాల పారదర్శకత ఆదేశంలోనూ అదే ఉంది, పైగా ఎంత ఇస్తారో అభ్యర్థికి ముందే చెప్పాలంటుంది. మీరున్న చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా అడిగే తీరు ఒకటే: "ఈ పనికి నేను ఇంత నుంచి ఇంత ఆశిస్తున్నాను, మీ బడ్జెట్ ఎంతండీ?" అని, ఆ తర్వాత ఆగిపోండి. ఆ నిశ్శబ్దం భరించలేక మనమే "పర్లేదులెండి, కొంచెం తక్కువైనా..." అని జారిపోతాం, అక్కడే చెడుతుంది. ఒక హెచ్ఆర్ నాతో "పాత జీతం గడి నింపకపోతే సిస్టమ్ ముందుకి కదలదండీ" అంది. "నేను ఆశిస్తున్న మొత్తాన్నే అక్కడ వేసి, పక్కన ఆ సంగతి రాయండి" అన్నాను. సిస్టమ్ కదిలింది. అబద్ధం మాత్రం చెప్పకండి, తర్వాత పత్రాలు సరిచూసినప్పుడు ఆఫరే వెనక్కి పోవచ్చు. చెప్పకపోవడం వేరు, తప్పు చెప్పడం వేరు.

రౌండ్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. గూగుల్ తమ నియామకాల రికార్డులే తిరగేసి చూసుకుంటే, ఒక మనిషిని తీసుకోవాలో వద్దో 86 శాతం నమ్మకంతో చెప్పడానికి నాలుగు ఇంటర్వ్యూలు సరిపోయాయట, ఆపైన పెట్టేవాటివల్ల ఒరిగేది చాలా తక్కువట. అప్పట్లో అక్కడి మానవ వనరుల విభాగం అధిపతిగా ఉన్న లాస్లో బాక్ 2013లో ఇంకో మాట కూడా ఒప్పుకున్నాడు, విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటి పజిల్ ప్రశ్నలు శుద్ధ దండగ అని, అడిగేవాడికి తాను తెలివైనవాడినని అనిపించడానికి తప్ప ఎందుకూ పనికిరావని. మీకు నాలుగు అయ్యాయి కాబట్టి "ఇంకెన్ని ఉన్నాయి, ఆఖరి నిర్ణయం ఎవరిది?" అని నిర్మొహమాటంగా అడగొచ్చు. దానికి సమాధానం లేకపోతే అవతల వాళ్లలో వాళ్లకే తేలలేదని అర్థం, అందులో మీ తప్పేమీ లేదు.

మిమ్మల్ని అడగలేదు గానీ రేపు అడిగితే అని చెబుతున్నా: ట్రైనింగ్ ఫీజు, డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఏ పేరుతో డబ్బు అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఉంచమన్నా ఆ మాటతోనే లేచి వచ్చేయండి. అక్కడ బేరమే లేదు.

ఇక మీరు ఇప్పుడు చెయ్యాల్సింది ఒకే ఒక్క మెయిల్. ఉద్యోగం మీద ఆసక్తి ఉందని మొదటి వాక్యంలోనే చెప్పండి, అసైన్‌మెంట్‌కి రెండు మూడు గంటల రూపం మీరే సూచించండి, పే స్లిప్పుల బదులు మీరు ఆశించే జీతం రాయండి, ఆఫర్ లెటర్ వచ్చిన రోజే రాజీనామా అని తేదీలతో సహా రాయండి. హెచ్ఆర్‌కి మాత్రమే పంపి ఊరుకోకుండా, మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కి కూడా కాపీ పెట్టండి. సీటు ఖాళీగా ఉండి పని ఆగిపోతున్నది ఆయనకే, కాబట్టి మీ మెయిల్ ఎక్కడ ఆగిందని హెచ్ఆర్‌ని అడిగేది కూడా ఆయనే.